ఆడొద్దని చెప్పే మనిషి

1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచి భారత ఫుట్‌బాల్ జట్టు ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. ఆ కథ చెప్పేవాళ్లెవరూ జర్నైల్ సింగ్ తలకు పడ్డ కుట్లను మరిచిపోరు. థాయిలాండ్‌తో ఆటలో గాయపడి తర్వాతి మ్యాచ్‌కు దూరమైన ఆ డిఫెండర్‌ను కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సెమీఫైనల్లో ఫార్వర్డ్‌గా దింపారు. అక్కడా, ఫైనల్లోనూ అతను గోల్ కొట్టాడు. ఫ్లూ బారినపడ్డ మన హైదరాబాదీ పీటర్ తంగరాజ్ ఫైనల్లో గోల్‌కీపర్‌గా నిలిచాడు. అంతా తెగువే, సందేహం లేదు. అయితే దెబ్బతిన్నవాణ్ని ఆడించాలా వద్దా అని తేల్చింది జట్టును గెలిపించాల్సిన మనిషే. ఆటగాడి ఒంటికి పూచీపడే ట్రైనర్ కోచ్ కంటే వేరుగా ఉండాలనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

రహీంకు ఒంటి సంగతి తెలియక కాదు. ఆయన హైదరాబాద్ బడుల్లో పాఠాలు చెప్పినవారు, వ్యాయామ విద్యలో డిప్లొమా చేసినవారు. బలహీనమైన కాలితోనే ఆడాలనే పోటీలు పెట్టి కుర్రాళ్లను తీర్చిదిద్దారు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచిన సిటీ పోలీస్ జట్టు ఆయన చేతిదే. జకార్తా నాటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న ఆయన 1963 జూన్‌లో కన్నుమూశారు. అంతటివాడికైనా ఫైనల్ ముంగిట గెలుపూ, ఆటగాడి క్షేమమూ చెరోవైపు లాగుతాయి. గెలిచాం కదా అంటారు. నిజమే, కానీ ఆ గెలుపు కుట్ల తలతో ఆడించడం క్షేమమని రుజువు చేయదు. తలదెబ్బ మానకముందే మరో దెబ్బ తగిలితే మెదడుకే ముప్పు. అందుకే ఇప్పుడు ఆట నియమాల్లోనే తలదెబ్బకు ప్రత్యేక సబ్‌స్టిట్యూట్‌ను అనుమతించారు.

ఇవన్నీ పెద్ద క్లబ్బులకు సరే, బోధన్ దారిలోని ఎడపల్లికి ట్రైనర్ ఎక్కడి నుంచి వస్తాడన్నది గట్టి ప్రశ్నే. ఈ నిజామాబాద్ జిల్లా నుంచే గుగులోతు సౌమ్య భారత మహిళల ఫుట్‌బాల్ జట్టుకు ఎదిగింది గనుక దాన్ని దాటవేయలేం. ఊళ్లో ఆ బాధ్యత పీఈటీదే అవుతుంది. అందుకు తగిన శిక్షణా, 'ఈరోజు నువ్వు ఆడొద్దు' అనే అధికారమూ ఆయనకివ్వాలి. ఖర్చు అడ్డంకి కాదు. నార్వేలో 13–17 ఏళ్ల ఆడపిల్లల జట్లపై జరిపి, 2008లో వెలువరించిన పరిశోధనలో, ఇరవై నిమిషాల క్రమబద్ధమైన వార్మప్ చేసినవాళ్లలో తీవ్ర గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. దానికి కావలసింది మైదానం, బంతి, దగ్గరుండి చేయించే మాస్టారు.