పెట్టెలోని తాళము, మన నోటిలోని పాట

సంఘ చరిత్ర అనగానే మనకు ముందు గుర్తుకు వచ్చేవి పునాదిరాయి, గంట, గురువుల పేర్ల పట్టిక. అవి రాతలో ఉన్నాయి గనుక నిలిచాయి. ప్రతి ఆదివారము మనము పాడిన తీరు మాత్రము ఏ రిజిస్టరులోనూ లేదు. ఏ వాద్యము గుడిలోకి ఎప్పుడు వచ్చింది, అది వచ్చిన తరువాత ఏ పాట బలపడింది, ఏ పాట వెనుకబడింది అన్న సంగతులు పెద్దల జ్ఞాపకములోనే ఉన్నాయి. వారు వెళ్ళిపోతే అవీ వెళ్ళిపోతాయి. అందుకే ఈ శతజయంతి సంచికలో ఒక వాద్యము కథ వ్రాయాలని అనుకున్నాను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములో నేను ఆరాధనకు వెళ్ళిన గుళ్ళలో ఎక్కువగా కనిపించే కీబోర్డు కథ ఇది. ముఖ్యముగా అందులో ముందే నింపి వచ్చే తాళముల కథ.

కీబోర్డు మంచిదా, చెడ్డదా అన్నది నా ప్రశ్న కాదు. ఏడు లెక్కల తాళములో ఉన్న కీర్తనలు మన ఆదివారములలో ఎందుకు తగ్గిపోయినవి అన్నదే నా ప్రశ్న.

కీబోర్డుకు ముందు

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరిచి చూడండి. కీర్తనల నెత్తిన రాగము పేరు, తాళము పేరు అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలైన కవులు శంకరాభరణము, మోహన వంటి రాగములలో, ఆది, రూపక, చాపు వంటి తాళములలో క్రీస్తు పాటలు కట్టారు. మన పల్లెల్లో రాగముల పేర్లు తెలిసినవారు తక్కువే. అయినా చేతిలో తాళములు, పక్కన కంజర లేదా డప్పు ఉంటే చాలు, అక్షరము రానివారు కూడా లెక్క తప్పకుండా పాడేవారు. తాళము పుస్తకములో కాదు, వాళ్ళ చేతిలో ఉండేది.

తరువాత హార్మోనియము వచ్చింది. ఇది పుట్టుకతో ఫ్రాన్సు దేశపు వాద్యము. 1840లలో పారిస్‌లో అలెగ్జాండర్ డెబెయిన్ దీనికి పేటెంటు పొందాడు. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో స్థాపించిన ద్వార్కిన్ సంస్థ, నేలమీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఊదుతూ ఇంకొక చేత్తో వాయించే రకమును దేశమంతటా తెలిసేటట్టు చేసింది. దీనిని కాదన్నవారూ ఉన్నారు. గమకము పలకదన్న కారణముతో ఆకాశవాణి 1940లో హార్మోనియమును తన స్టూడియోల నుంచి తీసివేసింది. 1971లో గాని దానికి మళ్ళీ తలుపు తెరవలేదు. గుడిలో మాత్రము అది ఒక్కరోజు కూడా బయటకు పోలేదు. కారణము సులభము. హార్మోనియము స్వరము ఇస్తుంది గాని తాళము శాసించదు. పాడే ముసలమ్మ ఒకచోట ఊపిరి తీసుకుంటే వాయించే ఆయన కూడా ఆగుతాడు. సంఘము ముందు, పెట్టె వెనుక.

తాళము వేసే పెట్టె పుట్టుక

తనంతట తాను తాళము వేసే యంత్రము ఇంటి ఆర్గనుకు తోడుగా పుట్టింది. 1959లో అమెరికాలో వుర్లిట్జర్ కంపెనీ సైడ్‌మాన్ అనే పెట్టెను అమ్మకానికి పెట్టింది. లోపల ఒక చక్రము తిరుగుతూ విద్యుత్ మొనలను తాకుతుంటే డోలు చప్పుళ్ళు వచ్చేవి. వాల్ట్‌జ్, ఫాక్స్‌ట్రాట్ వంటి 12 నాట్య తాళములు అందులో ఉండేవి. ఇంట్లో ఒక్కరే ఆర్గను వాయించుకునేవారికి అది తోడు. ఆ 12 తాళములను ఎన్నుకొన్నది అక్కడి నాట్యశాల. మన డప్పును గాని చాపును గాని వారు ఎరుగరు.

1980లో క్యాలిక్యులేటర్లు చేసే జపాను కంపెనీ క్యాసియో తన మొదటి కీబోర్డు క్యాసియోటోన్ 201 తెచ్చింది. అదే ఏడు యమహా పోర్టాసౌండ్ అనే చిన్న కీబోర్డులు తెచ్చింది. 1988లో రోలండ్ ఈ-20, 1993లో కార్గ్ ఐ-3 వచ్చాయి. ఇవి వట్టి డోలు చప్పుడు కాక పూర్తి వాద్యబృందమునే పెట్టెలో పెట్టినవి. ఈ తరహా కీబోర్డునే అరేంజర్ అంటారు.

ఇది పనిచేసే తీరు తెలిస్తే మిగతా కథ అర్థమవుతుంది. ఎడమచేతి వైపు కొన్ని మెట్లు తీగల కలయికకు, అనగా కార్డుకు కేటాయిస్తారు. డోలు, బేస్, గిటారు ఏమేమి వాయించాలో కొన్ని వరుసలు ముందే నింపి ఉంటాయి. ఆ వరుసలు ఒక్క కార్డుకు వ్రాసినవి. మీరు వేరే కార్డు నొక్కితే యంత్రము వాటినే ఆ కార్డుకు జరిపి వాయిస్తుంది. ఆరంభమునకు ఒక మీట, నడకకు రెండు మూడు మీటలు, మలుపుకు ఒకటి, ముగింపుకు ఒకటి. ఈ మొత్తమును యమహా, రోలండ్, కార్గ్ స్టైలు అంటాయి. క్యాసియో రిథమ్ అంటుంది.

మన ఊళ్ళకు

మా ప్రాంతములో చాలా ఇండ్లకు కీబోర్డు గల్ఫ్ నుంచి వచ్చింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచి దుబాయి, మస్కట్, సౌదీలకు పోయిన మన పిల్లలు సెలవుకు వచ్చేటప్పుడు కంబళ్ళు, టేప్‌రికార్డరుతోపాటు కీబోర్డూ తెచ్చేవారు. కొందరు దానిని గుడికి కానుకగా ఇచ్చేవారు. హైదరాబాదు దుకాణముల నుంచి తెచ్చుకున్నవి తరువాతివి.

దానివల్ల కలిగిన మేలు దాచకూడదు. తబలా వాయించేవారు లేని చిన్న సంఘములో ఒక్క పిల్లవాడు ఆరాధన అంతా నడిపించగలిగాడు. కరెంటు పోతే బ్యాటరీలతో నడిచింది. డప్పు ముట్టని ఆడపిల్లలు కీబోర్డు ముందు కూర్చున్నారు. ట్రాన్స్‌పోజ్ మీట నొక్కితే, వేళ్ళు మార్చకుండానే, నాలుగున్నర శ్రుతి నుంచి ఆడవాళ్ళ గొంతుకు తగిన శ్రుతికి పోవచ్చు. క్రిస్మస్ కరోల్స్‌కు ఊరూరు తిరిగేటప్పుడు ఒక్క పెట్టె నలుగురి పని చేసింది.

ఒక కంపెనీ, ఇంకొక కంపెనీ

పిల్లలకు కీబోర్డు కొనబోయే తల్లిదండ్రులు స్టైళ్ళ సంఖ్య చూసి మోసపోతారు. చూడవలసినది వేరు. ఎడమచేత ఒక్క వేలితో కార్డు పలికించే ఉపాయము రెండు కంపెనీలదీ ఒకటి కాదు. క్యాసియోలో ఒక మెట్టు నొక్కితే మేజర్. దానికి కుడివైపున ఇంకొక మెట్టు కలిపితే మైనర్. మూడు నొక్కితే సెవెంత్. యమహాలో మైనరుకు మూల మెట్టుతోపాటు దాని ఎడమవైపు దగ్గరి నల్ల మెట్టు నొక్కాలి. సెవెంతుకు ఎడమవైపు దగ్గరి తెల్ల మెట్టు నొక్కాలి. ఇంట్లో క్యాసియోపై నేర్చుకున్న పిల్లవాడు గుడిలో యమహా ముందు కూర్చుంటే పాట మధ్యలో తడబడేది ఇందుకే. పిల్లవాడికి తెలివి లేక కాదు. అందుకని మొదటి నుంచే మూడు వేళ్ళతో పూర్తి కార్డు నేర్పించండి. అది ఏ కంపెనీ పెట్టెమీదనైనా చెల్లుతుంది.

రెండవది, మన దేశపు స్టైళ్ళు. యమహా పి.ఎస్.ఆర్.-ఐ 500, క్యాసియో సి.టి.-ఎక్స్ 870 ఐ.ఎన్. వంటివి భారతదేశము కొరకే చేసినవి. వాటిలో తబలా, తంబురా నాదములు, మన నాట్యపు నడకలు ఉన్నాయి. 2019లో యమహా చెన్నై దగ్గర కర్మాగారము కూడా ప్రారంభించింది. మూడవది, మనమే స్టైలు తయారుచేసి దాచుకునే సౌకర్యము. అది ఎక్కువ ధర పెట్టి కొనే వాటిలోనే బాగా ఉంటుంది.

ఏడు ఎనిమిది అయిన కథ

పెట్టెలో నింపిన తాళములలో అధికభాగము నాలుగు, మూడు లేదా ఆరు లెక్కలవి. ఆది తాళము ఎనిమిది లెక్కలు గనుక నాలుగులో కుదురుతుంది. రూపకము మూడులో కుదురుతుంది. మిశ్రచాపు ఏడు లెక్కలు. తకిట తకధిమి, మూడు నాలుగు. దానికి పెట్టెలో మీట సులభముగా దొరకదు.

కొన్ని ఏండ్ల క్రితము ఒక శుభ శుక్రవారము మా సంఘములో జరిగినది చెబుతాను. చాపులో ఉన్న ఒక పాత శ్రమల కీర్తన పాడవలసి ఉన్నది. కీబోర్డు ముందు కూర్చున్న యౌవనస్థుడు నాలుగు లెక్కల స్టైలు వేసినాడు. ఏడు లెక్కల వరుసకు చివర ఒక లెక్క సాగదీసి ఎనిమిది చేస్తే కుదురుతుందని వాడి ఆలోచన. కుదిరింది కూడా. కాని రెండవ చరణములో, ముందు వరుసలో కూర్చుండే ఒక పెద్దమ్మ పాడటము ఆపివేసింది. ఆమె బీడీలు చుట్టి పిల్లలను సాకిన మనిషి. చదువు రాదు. పుస్తకములోని సగము కీర్తనలు నోటికి వచ్చు. ఆరాధన అయినాక అడిగితే ఆమె అన్నది: “నాకు పాట యాదికున్నది బిడ్డా. గా పెట్టెనే నా కోసం ఆగుతలేదు.”

ఆ మరుసటి ఏడు ఆ కీర్తన పట్టికలో లేదు. ఎందుకని అడిగితే పిల్లలు అమాయకముగా చెప్పిన జవాబు ఇది: “దానికి స్టైలు లేదు అంకుల్.” ఎవరూ దానిని నిషేధించలేదు. ఎవరికీ దానిమీద కోపము లేదు. మీట లేదు గనుక పాట లేదు.

సిరిసిల్లవారికి ఇది కొత్త సంగతి కాదు. చేతిమగ్గము నేతగాని చేతిని బట్టి నడిచేది. పోగు తెగితే ఆగేది. సాంచ వచ్చినాక మనిషే సాంచ వేగమునకు తగ్గట్టు పరుగెత్తాడు. సాంచ వల్ల ఎన్నో ఇండ్లలో పొయ్యి వెలిగింది, అది నిజమే. కాని చేతిమగ్గము మీద మాత్రమే వచ్చే నేత ఒకటి ఉన్నది, అదీ నిజమే.

రాగము మాట

తాళము ఒక్కటే కాదు. పెట్టె పాటను కార్డుల మీద నడిపిస్తుంది. శంకరాభరణమునకు, మోహనకు అది ఇబ్బంది లేదు. సంగీతము నేర్చుకునే పిల్లలు మొదట సాధన చేసే మాయామాళవగౌళ తీసుకోండి. సా తెల్ల మెట్టు సి అనుకుంటే, పంచమము మీద మామూలుగా నొక్కే జి మేజర్ కార్డులో డి ఉన్నది. అది చతుశ్రుతి రిషభము. ఈ రాగములో ఉన్నది శుద్ధ రిషభము. గొంతు ఒక రిషభము పాడుతుంటే పెట్టె ఇంకొక రిషభము మ్రోగిస్తుంది. వినేవారికి ఏదో గీసుకుపోయినట్టు ఉంటుంది గాని ఎక్కడో తెలియదు. అటువంటి చోట కార్డు మాని సా, పా రెండే శ్రుతిగా పట్టుకుంటే రాగము బ్రతుకుతుంది.

మనుషులు పెట్టెను లొంగదీసుకున్న కథ

ఇదంతా విని కీబోర్డు బయట పెట్టండని నేను అనను. జమైకా ద్వీపములో జరిగినది వినండి. 1981లో క్యాసియో ఎమ్‌.టి.-40 అనే చిన్న కీబోర్డు వచ్చింది. అందులోని రాక్ అనే వరుసను కంపెనీలో కొత్తగా చేరిన ఒకుదా హిరోకో అనే సంగీతము చదివిన యువతి కట్టింది. 1985లో జమైకా గాయకుడు వేన్ స్మిత్, నిర్మాత కింగ్ జామీ ఆ వరుసను తీసుకొని, వేగము తగ్గించి, తమ పాటకు ఆధారము చేసుకున్నారు. ఆ తరువాత ఆ ద్వీపపు సంగీతము తీరే మారిపోయింది. వారు చేసిన మొదటి పని చూడండి. పెట్టె చెప్పిన వేగమును ఒప్పుకోలేదు. తమ నడకకు దానిని దించుకున్నారు. అది మనకూ చేతనవును.

మూడు మనవులు

మొదటిది. ఏడు, అయిదు లెక్కల కీర్తనలకు స్టైలు ఆపి, నాదము మాత్రమే వాయించండి. తాళము కంజర వేసేవారికి, డప్పు వేసేవారికి లేదా ప్యాడ్లు వాయించే పిల్లవానికి ఇవ్వండి. సాధనలో మెట్రోనోము కావాలంటే చాలా యమహా ఇంటి కీబోర్డులలో దాని లెక్కను ఏడుకు మార్చుకోవచ్చు. మొదటి లెక్కకు గంట మ్రోగుతుంది.

రెండవది. ప్రతి సంఘములోను పాత కీర్తనలు నోటికి వచ్చినవారు ఇద్దరో ముగ్గురో మిగిలి ఉన్నారు. ఇప్పుడు ప్రతి యౌవనస్థుని జేబులో ఫోను ఉన్నది. వారి ఇంటికి వెళ్ళి, కూర్చుండబెట్టి, పెట్టె లేకుండా వారి చేతి తాళముతోనే పాడించి రికార్డు చేయండి. కీర్తన అంకె, రాగము, తాళము వ్రాసి ఉంచండి.

మూడవది. నెలకు ఒక ఆదివారము ఒక్క కీర్తన అయినా వాద్యము లేకుండా పాడుదాము. సంఘము తనంతట తాను ఏ వేగములో నడుస్తుందో అప్పుడే మనకు తెలుస్తుంది. కీబోర్డు వాయించే పిల్లలు ఆ వేగము విని, మరుసటి వారము పెట్టెను దానికి సరిచేయాలి.

150వ కీర్తనలో తంబుర, తంతివాద్యములు, పిల్లనగ్రోవి, తాళములు అన్నీ ఉన్నాయి. ఏ వాద్యమునూ బయట ఉండమనలేదు. కాని స్తుతించవలసినది సకల ప్రాణులని చివర చెప్పబడింది. ప్రాణమున్నది పాడేవారికే.

ఆ పెద్దమ్మ ఇంకా ఉన్నది. నడవలేదు గాని గొంతు ఉన్నది. పోయిన నెల ఆ కీబోర్డు పిల్లవాడు నాతో కలిసి ఆమె ఇంటికి వచ్చి, ఫోను పక్కన పెట్టి, ఆమె మంచము పట్టెమీద వేళ్ళతో కొడుతున్న ఏడు లెక్కలను నేర్చుకున్నాడు. రాబోయే శుభ శుక్రవారము ఆ కీర్తన మళ్ళీ పట్టికలో ఉంటుంది.