ఒక ప్రత్తితోట దినచర్య

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1861వ సంవత్సరమున అంతర్యుద్ధము పుట్టుటకు పూర్వము దక్షిణ రాష్ట్రముల సేద్యమెట్లు సాగెనో తెలిసికొనుటకు, నాటి భూస్వాములు వ్రాసికొన్న దినచర్యలు గొప్ప ఆధారములు. వానిలో బెన్నెట్ బారో వ్రాసినది ప్రసిద్ధము. ఇతడు లూసియానా రాష్ట్రమున, సెయింట్ ఫ్రాన్సిస్‌విల్ ప్రాంతమందలి హైలాండ్ అను ప్రత్తితోటకు యజమాని. 1836 మొదలు 1846 వఱకు ఇతడు వ్రాసిన దినచర్య 1943లో అచ్చుపడినది.

అందు మొదట కనబడునవి వాన, ఎండ, చలి. పిదప దుక్కి, విత్తనము, కలుపు, ప్రత్తితీత. నడుమ నడుమ వేటలు, గుఱ్ఱపు పందెములు, ఇరుగుపొరుగువారి అప్పులు. ఇవి యెల్ల దేశముల కృషీవలుల చింతలే కదా యని చదువరికి తోచును. కాని యీ పొలమున దున్నినవారు వేఱు, వ్రాసినవాడు వేఱు.

దున్నినవారు ఆఫ్రికా సంతతివారగు బానిసలు. వారికి కూలి లేదు. యజమాని 1838లో వ్రాసిన నియమావళి ననుసరించి, వారు సెలవు లేనిదే తోట దాటరాదు. పరుల తోటలవారిని పెండ్లాడరాదు. పాఱిపోయినవారిని కుక్కలతో వెదకించెడివారు. ఒక్కొక్కరు తీసిన ప్రత్తిని తూచి, పౌనులలో లెక్క వ్రాసెడివారు. తూకము తగ్గినను, ప్రత్తిలో చెత్త కలిసినను కొరడాదెబ్బలు తప్పెడివి కావు.

ఆ శిక్షల పట్టికయు దినచర్యతోపాటు నిలిచియున్నది. 1840 చివర మొదలు సుమారు రెండేండ్లలో 160 పర్యాయములు కొరడా లేచినట్లు లెక్క తేలినది. ఫోగెల్, ఎంగర్‌మన్ అను పండితులు 1974లో దీనిని పనివారి సంఖ్యచే భాగించి, మనిషికి ఏడాదికి 0.7 మాత్రమే యనిరి. మఱుసటి యేడు హెర్బర్ట్ గట్‌మన్ దానినే దినములతో సరిచూచి, సగటున నాలుగున్నర దినములకొకమారు ఎవరో యొకరు దెబ్బలు తినిరని చూపెను. రెండు భాగహారములును ఆ పట్టికపైనే చేసినవి. అయితే దెబ్బ తినినవాడొక్కడైనను, చూచిన భార్యాబిడ్డలకును, మఱునాడు తూకము కడ నిలువవలసిన తోడివారికిని భయము కలుగును. మనిషికింతయని పంచిన సగటులో ఆ భయము చేరదు.

బారో 1854లో మరణించెను. 1865లో రాజ్యాంగ సవరణముచే దేశమంతటను బానిసత్వము రద్దయ్యెను. హైలాండ్ బానిసల పేరులు, వారి తూకములు, శిక్షలు యజమాని చేవ్రాతలోనే మనకు దక్కినవి. బానిసకు చదువు నేర్పుట నేరమని లూసియానాలో 1830లోనే శాసనము చేసిరి. ఆ తోటలో ప్రత్తి తీసినవారు తమ దినచర్యను తామే వ్రాసికొనియుండినచో, ఆ దినములే వేఱొక తీరున మన కన్నులకు గట్టియుండెడివి.