అక్కయ్య సంతకం

ఓరుగల్లులో ఉండి రుద్రమదేవిని గురించి వ్రాయని వాడుండడు. బడిలో ముప్పై యేళ్ళకు పైగా ఆమె పాఠం చెప్పిన నేను ఇప్పుడు ఆమెను వేరొక సందర్భంలో తలచుకుంటున్నాను. అది మట్టెవాడలోని మా నాన్నగారి ఇంటి అమ్మకం.

గణపతిదేవునికి కొడుకులు లేరు. రుద్రమ, గణపమాంబ అని కూతుళ్ళు. 1262 ప్రాంతంలో రాజ్యభారం రుద్రమకు వచ్చింది. శాసనాలలో ఆమె రుద్రదేవ మహారాజు. ఆమెకూ కొడుకులు లేకపోగా కూతురు ముమ్మడమ్మ కొడుకైన ప్రతాపరుద్రుణ్ణి దత్తు తీసుకొని వారసుణ్ణి చేసింది. నల్లగొండ ప్రాంతపు చందుపట్ల శాసనం వల్ల 1289 నవంబరు నాటికి ఆమె కాలం చేసిందని తెలిసింది. ఇదంతా చెప్పి గర్వపడతాం. కొడుకులు లేనందువల్లనే ఆమెకు రాజ్యం దక్కిందన్న సంగతిని మాత్రం నేను తరగతిలో ఎన్నడూ ఒత్తి పలుకలేదు.

శాస్త్రమూ అంతే. కల్యాణి చాళుక్య విక్రమాదిత్యుని కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య వ్రాశాడు. దశకుమార చరిత్రను తిక్కనకు అంకితమిచ్చిన కేతన 13వ శతాబ్దిలో దానిని తెలుగు చేశాడు. వేరుపడిన తరువాత పుత్రులు లేక గతించినవాని ధనం మొదట భార్యకు, ఆపైన కూతుళ్ళకు అని మితాక్షర చెబుతుంది. కొడుకులుంటే పెండ్లికాని ఆడబిడ్డకు నాలుగవ పాలు. ఆ పాలంటే పెండ్లి ఖర్చు మాత్రమేనన్న వాదాన్ని విజ్ఞానేశ్వరుడు ఒప్పుకోలేదు, అది పాలేనన్నాడు. లోకం మాత్రం ఆయన కాదన్న మాటనే పట్టుకొని, కట్నమిచ్చి చేతులు దులుపుకొన్నది.

నిజాం రాజ్యంలో వారసత్వం విరాసత్, పంపకం తక్సీం. మా పల్లెలలో నేటికీ ఆ మాటలే వినిపిస్తాయి. పొరుగింటి ముస్లిం ఆడబిడ్డకు అన్నదమ్ముని పాలులో సగం ధర్మశాస్త్రంలోనే ఉన్నది. హిందూ వితంతువుకు భర్త ఆస్తిలో పాలు కల్పించిన 1937 నాటి చట్టం బ్రిటిషు ఇండియా శాసనసభ చేసినది గనుక దానంతట అది నిజాం సరిహద్దు దాటి రాలేదు.

1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక, విల్లు వ్రాయకుండా పోయినవాని స్వార్జితంలో భార్యా కొడుకులూ కూతుళ్ళూ సమాన వారసులయ్యారు. అయితే అదే చట్టంలో 23వ సెక్షను ఒకటి పెట్టారు. కుటుంబం నివసిస్తున్న ఇంటిని మగ వారసులు పంచుకోదలచినదాకా ఆడవారసులు పంపకం అడగరాదు! పెండ్లికానివారికి, భర్త విడిచినవారికి, భర్త నుండి విడిపోయినవారికి, వితంతువులకు మాత్రం ఆ ఇంట తలదాచుకొనే హక్కు ఉంచారు. 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించేటట్లు ఎన్.టి. రామారావు ప్రభుత్వం కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే హక్కునిచ్చింది. అప్పటికే పెండ్లయినవారికి అది లేదు. 23వ సెక్షను మాత్రం 2005 సెప్టెంబరు 9న గాని పోలేదు.

మా అక్కయ్య పెండ్లి 1976లో అయినది. ఇల్లు నాన్నగారు 1964లో తన జీతంతో కట్టినది. 1998లో విల్లు లేకుండా పోయారు. మరుసటి యేడు బతుకమ్మ పండుగకు వచ్చిన అక్కయ్యకు ఒడిబియ్యం పోసి, చీర పెట్టి, ఇంటిలో నాకేమీ అక్కరలేదన్న స్టాంపు కాగితం ముందుంచాము. సంతకం చేసింది. ఆ కాగితం వ్రాసిన చేతివ్రాత నాదే.

అమ్మ 2011లో పోయింది. 2017లో ఇంటికి బేరం కుదిరింది. విదేశంలో ఉన్న మా మేనల్లుడు ప్రొబేటు చేయించారా అని అడిగాడు. విల్లే లేనిచోట ప్రొబేటు ఎక్కడిది? ఉన్నా, 1925 చట్టం హిందువుల విల్లుకు దానిని తప్పనిసరి చేసింది బెంగాలు వైపునా, మద్రాసు, బొంబాయి నగరాలలోనే గాని మన ఓరుగల్లులో కాదు. సక్సెషన్ సర్టిఫికెట్టు బాకీలకు, బ్యాంకు సొమ్ముకు పనికివస్తుంది, ఇంటికి కాదు. మాకు కావలసినవి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మునిసిపల్ రికార్డులో పేరు మార్పు, ఈసీ, వారసులందరి సంతకాలు. కొనేవారి వకీలు మా స్టాంపు కాగితాన్ని అటూ ఇటూ త్రిప్పి చూసి, రిజిస్టరు కాలేదు, 1908 చట్టం 17వ సెక్షను ముందు ఇది చెల్లదన్నాడు.

అక్కయ్య దగ్గరకు నేనే వెళ్ళాను. కాగితం సంగతి చెప్పబోతే నవ్వింది.

"అప్పుడు చదివే పెట్టిన తమ్మీ. ఇల్లెంతకు పోతుందో ఇప్పుడన్న చెప్తవా?"

బేరం కుదిరి నెల దాటినది. ఆమెకు ధర చెప్పాలని మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

లెక్క సులభమే. నాన్నగారి ఆస్తి నాలుగు సమాన పాళ్ళు. అందులో అమ్మ పాలు మళ్ళీ ముగ్గురికి. వెరసి తలా మూడింట ఒకటి. తమ్ముడు 1976 నాటి కట్నం లెక్క తీశాడు. మన ఇద్దరి చదువులకైన ఖర్చు కూడా తీయమన్నాను. రెండు నెలలు నాతో మాట్లాడలేదు. చివరకు మూడు చెక్కులకు ఒప్పుకున్నాడు.

రిజిస్ట్రేషను నాడు దస్తావేజు లేఖరి అమ్మకందారులలో మా ఇద్దరి పేర్లు ముందు వేసి, అక్కయ్య పేరు చివర వేశాడు. పెద్దది ఆమె కదా, మార్చమన్నాను. మళ్ళీ టైపు చేయించి, వేలిముద్రలూ సంతకాలూ అయ్యేసరికి మధ్యాహ్నం రెండు దాటింది.