బంతిపూల వెనక: లాటినో విద్యార్థులు కాలేజీలో నిలదొక్కుకున్న కథ

ఈరోజు కాలిఫోర్నియా కాలేజీల్లోకి వెళదాం. అక్కడ చాలా యూనివర్సిటీల్లో లాటినో విద్యార్థుల కోసం ఒక కల్చరల్ సెంటరు, లీడర్‌షిప్ ప్రోగ్రాములు కనిపిస్తాయి. నవంబరు మొదట్లో అయితే చనిపోయిన పెద్దల ఫొటోలు పెట్టి, చుట్టూ బంతిపూలు పేరుస్తారు. ఇదేదో పండగ సరదా అని నేనూ చాలాకాలం అనుకున్నాను. దాని వెనక చరిత్ర చదివాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

1960ల్లో తూర్పు లాస్ ఏంజెలెస్ అంటే ఎక్కువగా మెక్సికో మూలాలున్న కుటుంబాలే. స్కూల్లో స్పానిష్ మాట్లాడితే శిక్ష. మగపిల్లల్ని చేతిపనుల క్లాసులకి, ఆడపిల్లల్ని టైపింగుకి పంపేవాళ్ళు. కాలేజీ మాట ఎత్తేవాళ్ళే తక్కువ. చాలామంది మధ్యలోనే మానేసేవాళ్ళు.

అక్కడ సాల్ కాస్ట్రో అని ఒక టీచరు. ఆయనా ఆ పేటల్లో పుట్టినవాడే. 1963లో ఆయనా, మరికొందరూ కలిసి మాలిబులోని హెస్ క్రేమర్ క్యాంపులో హైస్కూలు పిల్లలకి వారాంతపు నాయకత్వ శిబిరం మొదలుపెట్టారు. వేరువేరు స్కూళ్ళ పిల్లలు ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నారు. అక్కడే వాళ్ళకి తెలిసొచ్చింది: "మా స్కూల్లోనూ ఇంతే!" అప్పటిదాకా ఎవరికి వాళ్ళు, లోపం తమలోనే ఉందనుకున్నారు. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. ఉపన్యాసాల వల్ల వచ్చింది కాదు, ఒకరి గోడు ఒకరు వినడం వల్ల వచ్చింది.

ఐదేళ్ళ తర్వాత, 1968 మార్చిలో, వేలమంది పిల్లలు క్లాసులు వదిలి వీధుల్లోకి వచ్చారు. కాలేజీకి చేరిన పాత క్యాంపు పిల్లలు కొందరు వాళ్ళకి అండగా నిలబడ్డారు. వాళ్ళలో విక్కీ కాస్ట్రో ఒకరు (సాల్‌కి చుట్టం కాదు లెండి). ఆమె తర్వాత లాస్ ఏంజెలెస్ స్కూలు బోర్డుకే ఎన్నికయ్యారు. పిల్లలు అడిగినవేంటి? రెండు భాషల్లో చదువు, తమ చరిత్ర పాఠాల్లో ఉండాలి, తమవాళ్ళు టీచర్లుగా రావాలి. బాత్‌రూములకి తాళాలు తియ్యాలి అని కూడా. అవునండీ, అది కూడా అడగాల్సొచ్చింది.

సాల్‌తో సహా 13 మంది మీద కుట్ర కేసు పెట్టారు. ఆయన్ని క్లాసుకి దూరం చేస్తే, జనం స్కూలు బోర్డు ఆఫీసులో బైఠాయించి మళ్ళీ ఉద్యోగంలో పెట్టించారు. 1970లో కోర్టు కేసు కొట్టేసింది.

ఈలోగా 1969 ఏప్రిల్‌లో శాంటా బార్బరా యూనివర్సిటీలో వందమంది దాకా విద్యార్థులు, అధ్యాపకులు కూర్చుని ఒక ప్రణాళిక రాశారు. సీటిస్తే సరిపోదు, చేరినవాళ్ళు నిలబడాలంటే మనుషులు కావాలి, తమ చరిత్ర చెప్పే కోర్సులు కావాలి అన్నారు. విడివిడిగా ఉన్న విద్యార్థి సంఘాలు కలిసి 'మెచా' అయ్యాయి. అది పొడి అక్షరాల పేరే గానీ, స్పానిష్‌లో ఆ మాటకి వత్తి అని అర్థం. దీపానికీ వత్తే, బాంబుకీ వత్తే. ఆ ప్రణాళికలో ఆడవాళ్ళ ఊసే లేదని తర్వాత చికానా స్త్రీవాదులు కడిగేశారు. న్యాయమైన మాటే.

1981లో హేవర్డ్‌లోని చబో కాలేజీలో ప్యాట్రీషియా మెగ్రా అనే ఇంగ్లీషు టీచరు, ఫెలిక్స్ గలావిస్ అనే కౌన్సెలర్ కలిసి 'ప్వెంతే' మొదలుపెట్టారు. వంతెన అన్నమాట. లాటినో రచయితల్ని చదివిస్తూ ఇంగ్లీషు రాయడం నేర్పుతారు. కౌన్సెలర్ కోసం పిల్లలు వెతుక్కోనక్కర్లేదు, ఆయన క్లాసులో భాగమే. పైగా ఆ సమాజం నుంచే పైకొచ్చిన ఒకరు మార్గదర్శిగా ఉంటారు. నినాదం లేదు, ఊరేగింపు లేదు. అయినా కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో చాలాచోట్లకి పాకింది.

మాలిబు క్యాంపు 2018 నవంబరు కార్చిచ్చులో చాలావరకు కాలిపోయింది. సాల్ కాస్ట్రో 2013లోనే పోయారు. ఒకప్పుడు ఆయన్ని క్లాసు నుంచి తప్పించిన ఆ స్కూళ్ళ వ్యవస్థే, ఆయన బతికుండగానే, ఒక మిడిల్ స్కూలుకి ఆయన పేరు పెట్టింది.

వచ్చేసారి న్యూయార్క్ వెళదాం. 1969లోనే అక్కడ సిటీ కాలేజీ గేట్లకి నల్లజాతి, ప్వెర్టోరికో విద్యార్థులు తాళాలు వేశారు. ఉంటాను.