నీళ్లు తీశాక మొదలయ్యే పని: వరద ప్రాంతాల్లో వాలంటీర్లు ఏం చెయ్యాలి?

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. విజయవాడలో సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ ఇళ్లలోకి బుడమేరు నీళ్లు వచ్చేశాయి. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు ఇది. వరద ఎక్కువైతే వెలగలేరు దగ్గర నుంచి డైవర్షన్ కాలువ ద్వారా కృష్ణా నదిలోకి మళ్లిస్తారు. అయితే ఆ రెండు రోజుల్లో కృష్ణకే ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. కాలువకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. వాటిని పూడ్చడానికి ఆర్మీ కూడా దిగాల్సి వచ్చింది.

మొదటి నాలుగు రోజులు సాయానికి కొదవ లేదు. పడవలు, ట్రాక్టర్లు, డ్రోన్లు తిరిగాయి. అన్నం పొట్లాలు, పాల ప్యాకెట్లు, వాటర్ బాటిళ్లు వచ్చాయి. అదే రోజు ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్ నగర్ వంతెనపై తొమ్మిది మంది చిక్కుకుంటే, హర్యానా నుంచి వచ్చి ఇక్కడ పని చేసుకుంటున్న ఒక జేసీబీ డ్రైవర్ బండితో వెళ్లి తీసుకొచ్చాడు. ఇలాంటివి అందరికీ గుర్తుంటాయి, గుర్తుండాలి కూడా. కానీ నీళ్లు తీశాక ఇంట్లో మోకాలి లోతు బురదతో, తడిసిన పరుపులతో మిగిలిపోయిన కుటుంబం దగ్గరకు ఎంతమంది వెళ్తారు? ఫొటోలు ఆగిపోయాక చేసే పనే ఎక్కువ రోజులు పడుతుంది.

ముందుగా బురద. తడిగా ఉన్నప్పుడే తోసెయ్యాలి, ఎండిందంటే సిమెంటులా పట్టేస్తుంది. లోపలి గదితో మొదలుపెట్టి గుమ్మం వైపు రావాలి. నలుగురైదుగురు కుర్రాళ్లు, పారలు, వైపర్లు, ఒక ట్యాంకర్ నీళ్లు ఉంటే చిన్న ఇల్లు ఒక పూటలో తేలుతుంది. లోపల అడుగు పెట్టేముందు మెయిన్ ఆఫ్ చెయ్యాలి. ఎలక్ట్రీషియన్ చూసేదాకా ఫ్రిజ్, మోటారు, కుట్టు మిషన్ మోటారు ఏదీ ఆన్ చెయ్యకూడదు. ‘ఒక్కసారి వేసి చూద్దాం’ అనుకుంటే బాగుపడేది కూడా కాలిపోతుంది.

వాలంటీర్లు చెప్పులతో బురదలో దిగకండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది, కాలికి చిన్న గాయం ఉన్నా చాలు. గమ్ బూట్లు, గ్లౌజులు వేసుకోండి. తరువాత జ్వరం వస్తే వరద నీళ్లలో పని చేశామని డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఇంకొకటి, బ్లీచింగ్ పౌడర్‌నూ టాయిలెట్ యాసిడ్‌నూ ఎప్పుడూ కలపొద్దు. విషవాయువు వస్తుంది.

సామాన్లు పంచేటప్పుడు చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. లారీ దగ్గర లైన్లో నిలబడేది మగవాళ్లు, కాస్త చొరవ ఉన్నవాళ్లు. ఒంటరి ముసలమ్మ, బాలింత, ఇద్దత్‌లో ఉన్న ఆమె అక్కడికి రారు. అందుకే ప్రతి టీములో ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు ఉండాలి. వాళ్లు ఇంటింటికీ వెళ్తే శానిటరీ ప్యాడ్లు, లోపలి బట్టలు, బీపీ మాత్రలు ఎవరికి కావాలో తెలుస్తుంది. ‘అమ్మీ, ఏం కావాలి?’ అని లోపలికెళ్లి అడిగే మనిషి ఉంటే, ఆరో దుప్పటి బదులు ఆ ఇంటికి నిజంగా కావాల్సింది అందుతుంది.

తరువాత కాగితాలు. చదువుకున్న పిల్లలు ఎక్కువ ఉపయోగపడేది ఇక్కడే. తడిసిన కాగితాలను ఎండలో పడెయ్యకుండా, నీడలో విడివిడిగా గాలికి ఆరబెట్టాలి. ఆధార్‌ను ఫోన్లోనే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, కానీ దానికి లింకైన నెంబరు పని చెయ్యాలి. ఫోనే వరదలో పోయిన వాళ్లకు ముందు అదే నెంబరుతో సిమ్ ఇప్పించాలి. ఇంటి దస్తావేజు సర్టిఫైడ్ కాపీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దొరుకుతుంది. పదో తరగతి మెమోకు స్కూల్లో అడగాలి. నిఖానామా పోతే పెళ్లి చదివించిన ఖాజీ గారి రిజిస్టర్ చూడండి.

విజయవాడ వరదల్లో మునిగిన ఇళ్లకు గ్రౌండ్ ఫ్లోర్ అయితే 25,000 రూపాయలు, పై అంతస్తుల వాళ్లకు 10,000 రూపాయలు ప్రభుత్వం ప్రకటించింది. లెక్క రాయడానికి సిబ్బంది ఇంటికి వచ్చినప్పుడు ఎవరున్నారన్నది ముఖ్యం. బంధువుల ఇంటికి వెళ్లిపోయిన అద్దెకుండేవాళ్లు, ఒకే డోర్ నెంబరులో కాపురముంటున్న రెండు మూడు కుటుంబాలు, ఇలాంటి వాళ్ల పేర్లే జారిపోతాయి. వీధికి ఒక వాలంటీరు ముందే నోటుబుక్కులో ఇంటి నెంబరు, ఏ అంతస్తు, ఎన్ని కుటుంబాలు, ఓనరా అద్దెనా రాసి పెట్టుకుంటే, జాబితా రాగానే సరిచూడొచ్చు. బురద కడగక ముందే గోడ మీద నీళ్ల గీత కనిపించేలా ఫొటో తీసుంచండి. ఇన్సూరెన్స్ ఉన్న ఆటోకు, బండికి కూడా ఇదే పద్ధతి. కంపెనీకి కబురు చేసేదాకా ఇంజన్ స్టార్ట్ చెయ్యొద్దు.

ఈ పనులు ముందుగా నేర్చుకోవాలంటే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ‘ఆపద మిత్ర’ పేరుతో 12 రోజుల శిక్షణ పథకం తెచ్చింది. దేశంలో 350 జిల్లాల్లో లక్ష మందిని తయారుచెయ్యాలన్నది దాని లక్ష్యం. ప్రథమ చికిత్స, నీళ్లలోంచి మనిషిని బయటికి తీసే పద్ధతులు నేర్పుతారు. మీ జిల్లాలో తరువాతి బ్యాచ్ ఉందో లేదో కలెక్టర్ ఆఫీసులో విపత్తుల విభాగాన్ని అడగండి.