మెదడు వెనక భాగంతో ఆగని వాపు

బీపీ ఒక్కసారిగా పెరిగి, తలనొప్పి, మూర్ఛలు, చూపు మసకబారడం కలిసి వచ్చే స్థితికి ఓపెన్‌హైమర్, ఫిష్‌బర్గ్ అనే వైద్యులు 1928లో ‘హైపర్‌టెన్సివ్ ఎన్‌కెఫలోపతి’ అని పేరు పెట్టారు. ఆ తర్వాత చాలా దశాబ్దాలు అది బీపీ జబ్బుగానే ఉండిపోయింది. గర్భిణులకు వచ్చే గుర్రపువాతాన్ని ప్రసూతి వైద్యులు చూసుకునేవారు. అవయవ మార్పిడి తర్వాత మందులు వాడుతూ ఫిట్స్‌తో పడిపోయినవారు మరో వార్డులో ఉండేవారు. వీళ్లందరి మెదడులో జరుగుతున్నది ఒకటే కావచ్చన్న ఆలోచన రావడానికి స్కానింగ్ యంత్రాలు రావాల్సి వచ్చింది.

1996లో హించీ బృందం బోస్టన్, పారిస్ ఆసుపత్రుల నుంచి 15 మంది రోగులను ఒకచోట చేర్చి చూపింది. ఏడుగురు రోగనిరోధక శక్తిని అణచే మందుల మీద ఉన్నవారు, ముగ్గురు గుర్రపువాతం వచ్చినవారు, నలుగురు కిడ్నీ జబ్బుతో బీపీ పెరిగినవారు, ఒకరు ఇంటర్‌ఫెరాన్ తీసుకుంటున్నవారు. అందరి స్కాన్‌లోనూ మెదడు వెనక వైపు తెల్ల పదార్థంలో నీరు చేరింది. బీపీ తగ్గించి, మందు ఆపడమో మోతాదు తగ్గించడమో చేస్తే రెండు వారాల్లో లక్షణాలు పోయాయి. నాకు హించీ బృందం పత్రంలో అన్నిటికన్నా విలువైనదిగా తోచే సంగతి వేరే ఉంది. బీపీ హఠాత్తుగా పెరిగింది 12 మందికే. జబ్బును నిర్వచించిన తొలి పత్రంలోనే బీపీ వివరణకు ఒదగని ముగ్గురున్నారు.

2000లో కేసీ బృందం ‘ఫ్లెయిర్’ అనే ఎమ్మారై పద్ధతితో వాపు మెదడు పైపొరలోనూ ఉందని తేల్చింది. ఈ జబ్బుకు ‘ప్రెస్’ (పోస్టీరియర్ రివర్సిబుల్ ఎన్‌కెఫలోపతి సిండ్రోమ్) అన్న పేరు అప్పటిదే. 2007లో మెకిన్నీ బృందం 76 మంది స్కాన్లు పరిశీలించింది. దాదాపు అందరిలో వెనక భాగం దెబ్బతిన్నా, 79 శాతం మందిలో ముందు భాగం, 34 శాతంలో చిన్నమెదడు, 18 శాతంలో మెదడుకాండం కూడా వాచాయి. అరుదనుకున్న చోట్లు అంత అరుదేమీ కాదన్నమాట.

మెదడు వెనక వైపు రక్తనాళాలకు సింపథెటిక్ నరాల రక్షణ తక్కువ, అందుకే దెబ్బ ముందు అక్కడ తగులుతుందని ఒక వివరణ. మందులో, ఇన్ఫెక్షనో నాళాల లోపలి పొరను నేరుగా దెబ్బతీస్తే బీపీ మామూలుగా ఉన్నా నీరు ఊరుతుందని మరో వివరణ.

వైద్యులను ఎక్కువగా తికమకపెట్టేది మెదడుకాండం వాపే. స్కాన్ చూస్తే గుండె జారిపోతుంది, రోగి మాత్రం లేచి కూర్చుని మాట్లాడుతుంటాడు. ఆ పొంతన లేకపోవడమే ప్రెస్ అనడానికి గట్టి ఆధారం. దాన్ని గమనించకపోతే కణితి అనో, పక్షవాతం అనో పొరబడే ప్రమాదం ఉంది. స్కాన్‌లో కనిపించేది నాళాల నుంచి ఊరిన నీరా, కణాలు చనిపోయి వచ్చిన వాపా అన్నది డిఫ్యూజన్ స్కాన్ చాలావరకు చెబుతుంది. కొందరిలో రక్తస్రావమవుతుంది, అలాంటప్పుడు పూర్తిగా కోలుకుంటారన్న హామీ లేదు. వాపు వెన్నుపాములోకి దిగిన కేసులూ తర్వాత నమోదయ్యాయి. అందుకే ప్రెస్ రోగికి కాళ్లలో బలం తగ్గితే, మెదడు స్కాన్‌తో ఆగకుండా మెడ, వెన్ను ఎమ్మారై కూడా తీయించాలి.