భయభక్తులు: మూడు ఊళ్లు, ఒక మాట

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు, ఇంజనీరును కదా, ఏ కాలువ గురించో వంతెన గురించో రాస్తాననుకుని ఉంటారు. నేను రాస్తున్నది ఒక మాట గురించి. తెలుగు బైబిలు చదివిన ప్రతి ఇంట్లోనూ వినిపించే ‘భయభక్తులు’ అన్న మాట గురించి.

నేను పుట్టింది రేపల్లె దగ్గర పల్లెలో. చదివింది తెనాలిలో, మన బడిలో. ఇంజనీరింగు బాపట్లలో. మూడు ఊళ్లలోనూ ఈ మాట నాకు మూడు రకాలుగా ఎదురైంది.

మన తెనాలి సంగతి మీకు చెప్పనక్కర్లేదు. కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి సూతాశ్రమం ఉన్న ఊరు, ఆవుల గోపాలకృష్ణమూర్తి హేతువాదం బోధించిన ఊరు. ఆ గాలి మన తరగతి గదుల్లోకీ వచ్చేది. తొమ్మిదో తరగతిలో మా తెలుగు మాస్టారు ఒకరోజు, “పిడుగుకు భయపడిన మనిషి ఆ భయానికే దేవుడని పేరు పెట్టుకున్నాడు” అన్నారు. తర్వాత నావైపు తిరిగి, “మీ ఇంట్లో రోజూ ప్రార్థన చేస్తారుగా, భయపడేనా?” అని అడిగారు. ఎగతాళిగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. నేను జవాబు చెప్పలేక నిలబడిపోయాను. నలభై ఏళ్లు ఆలస్యంగానైనా ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను.

మా ఇంటి ప్రార్థనకు వెనక పెద్ద చరిత్రే ఉంది. 1842 జూలై 31న ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టారు. జర్మనీలో పుట్టి, అమెరికా లూథరన్ సంఘం తరఫున వచ్చిన ఆయనకు అప్పటికి నలభై తొమ్మిదేళ్లు. పదేళ్ల కిందటి డొక్కల కరువు గాయాలు జిల్లాలో ఇంకా మానలేదు. ఆ మిషను క్రమంగా తెనాలి, రేపల్లె పల్లెలకు చేరింది. దానితోపాటు లూథర్ 1529లో రాసిన చిన్న కాటకిజమూ వచ్చింది. అందులో పది ఆజ్ఞలకు వివరణలున్నాయి. ప్రతి వివరణలోనూ దేవునికి భయపడడం, ఆయనను ప్రేమించడం జంటగా కనబడతాయి. బానిస యజమానికి భయపడడం వేరు, బిడ్డ తండ్రి మనసు నొచ్చుకుంటుందేమోనని భయపడడం వేరు అని క్రైస్తవ పండితులు ఏనాడో విడదీశారు. మన తెలుగు అనువాదకులు ఆ తేడానంతా ఒక్క సమాసంలో ఇమిడ్చారు. భయానికి పక్కనే భక్తిని కూర్చోబెట్టారు.

మా నాయనమ్మకు ఈ పాండిత్యమేదీ తెలియదు. ఆమెకు తెలిసింది ప్రార్థన వరస. ముందు కృతజ్ఞత, తర్వాత ఒప్పుకోలు, అడగడం ఆఖరున. ఒప్పుకోలంటే ‘మేము పాపులము’ అని గుండుగుత్తగా చెప్పేస్తే ఊరుకునేది కాదు. ఆ రోజు చేసిన తప్పు పేరు పెట్టి చెప్పాలి. గొడ్లకు నీళ్లు పెట్టడం మరిచానని నేను, కూలి మనిషిని మాట తూలానని ఆమె.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమనూ మన తీరాన్నీ ఊడ్చేసిన ఉప్పెన రోజు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మా ఇంటి కప్పు లేచిపోతే ఊళ్లో ఉన్న ఒక్క పక్కా గదిలో అందరం దూరాం. నాయనమ్మ చేతులు వణకడం నేను చూశాను. ఆదివారం ఆరాధన జరగలేదు. ఆమె మా ఇల్లు ఏమైందో చూడకుండానే, తడవకుండా మిగిలిన బియ్యం మూట తీసుకుని పక్క పేటలో పొయ్యి వెలగని ఇళ్లకు వెళ్లింది. “రాత్రి నీకు భయమెయ్యలేదా?” అని అడిగాను. “గాలికి భయపడ్డాన్రా. గాలికి భయపడితే దాక్కుంటాం. దేవుడికి భయపడినోడు దాక్కోడు” అంది. ఆ రోజుకు నాకది అర్థం కాలేదు.

బాపట్లలో చదివేటప్పుడు ఆ ఊరి బాప్టిస్టు చరిత్ర తెలిసింది. 1883లో బాపట్ల ప్రత్యేక మిషన్ కేంద్రమైంది. అంతకు ముందు అదంతా ఒంగోలు క్లౌ దొర పరిధి. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్న వేలమందికి పని చూపించారు. అయితే ఆ కరువు నెలల్లో బాప్తిస్మాలు ఆపేశారు. తిండి కోసం, చావు భయంతో ఎవరూ మతంలోకి రాకూడదని ఆయన పట్టుదల. సహాయ కార్యక్రమాలు ముగిసిన తర్వాతే, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అందరూ ఆ అంకె గురించే చెప్పుకుంటారు. నాకు మాత్రం అంతకుముందు కాలవ గట్టున వేచి ఉన్న నెలలే గొప్పగా తోస్తాయి. ఆకలి భయాన్నీ దైవభయాన్నీ కలపకుండా ఆపిన నెలలవి.

అదే బాపట్ల పక్కన స్టూవర్టుపురం ఉంది. నేరస్త జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను ఒకచోట చేర్చి, 1910ల్లో సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించిన సెటిల్మెంటు అది. మద్రాసు ప్రభుత్వంలో పనిచేసిన హెరాల్డ్ స్టూవర్టు పేరు పెట్టారు. అక్కడ బడీ ఉంది, ప్రార్థనా ఉంది, వాటితోపాటు హాజరు పట్టీ కూడా ఉంది. చెప్పకుండా ఊరు దాటితే శిక్ష. ఒకే చేత్తో బైబిలూ హాజరు పట్టీ పట్టుకుంటే, ఎదుటివాడికి ముందు కనిపించేది హాజరు పట్టీయే. స్వాతంత్ర్యం తర్వాత 1952లో ఆ చట్టం పోయినా ఊరి మీద ముద్ర పోలేదు. తర్వాత అక్కడి మనుషుల మధ్య సంస్కరణకు పూనుకున్నవారిలో హేమలతా లవణం ముఖ్యులు. ‘క్రీస్తు చరిత్ర’ రాసిన మహాకవి జాషువా కూతురు ఆమె. నాస్తికుడు గోరా ఇంటి కోడలు. దేవుని పేరు చెప్పకుండా, పోలీసుల పేరు చెప్పి బెదిరించకుండా, మనిషిని మనిషిగా నమ్మి ఆమె ఆ పని చేశారు. ప్రార్థన చేసే నాలాంటివాడు ఈ సంగతి దాచకూడదు. బెదిరింపుతో భక్తి పుట్టదని మా పెద్దలు చెప్పిన మాటనే ఆమె మరో దారిలో రుజువు చేశారని నా నమ్మకం.

ఇక నా సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, డెల్టాలో ఒక చిన్న కల్వర్టు పని. పునాది గుంటలో ఊట నీరు నిండి ఉంది. లోతు కొలవకుండానే కాంట్రాక్టరు మనిషి చెప్పిన అంకె ఎం-బుక్కులో ఎక్కించి సంతకం పెట్టాను. పునాది మట్టిలో పూడిపోయేదే, ఎవరూ తవ్వి చూడరు. పై అధికారి భయం లేదు, తనిఖీ భయం అసలే లేదు. ఆ రాత్రి అలవాటుగా మోకరించాను. కృతజ్ఞత అయింది. ఒప్పుకోలు దగ్గర నోరు పెగల్లేదు. పేరు పెట్టి చెప్పాలి కదా! చెబితే దిద్దాలి.

పొద్దున్నే వెళ్లి నీరు తోడించి టేపు పెట్టాను. అడుగుకు పైగా తక్కువ. ఆ పద్దు కొట్టేసి, కొట్టేసినట్టు సంతకం చేసి, పై అధికారికి నా తప్పు నేనే రాసిచ్చాను. సంజాయిషీ అడిగారు, చివాట్లూ పడ్డాయి. పునాది మాత్రం సరైన లోతుకు దిగింది. నాయనమ్మ మాట అప్పుడు అర్థమైంది. ముందు రాత్రి నేను దాక్కున్నాను, పొద్దున బయటికి వచ్చాను.

మాస్టారూ, మీరు అన్నదాంట్లో సగం నిజం. పిడుగుకు భయపడి మొక్కేవాడు ఉన్నాడు. పిడుగు ఆగిపోగానే వాడి మొక్కూ ఆగిపోతుంది. మా ఇంట్లో నేర్పిన భయం వాన వెలిసిన తర్వాత మొదలయ్యేది. దాన్ని ఒక్కరోజులో తెచ్చుకోలేం. రోజూ సాయంత్రం ఒక తప్పు పేరు పెట్టి చెప్పుకుంటూ, మర్నాడు దాన్ని దిద్దుకుంటూ పెంచుకోవాలి. ప్రశ్న అడగడం మీరు నేర్పారు, ఒప్పుకోవడం నాయనమ్మ నేర్పింది. రెండూ ఉన్నాయి కాబట్టే ఆ గుంటలోకి టేపు దించగలిగాను.

రేపల్లె, బాపట్ల ఇప్పుడు ఒక జిల్లా, తెనాలి మరో జిల్లా. ఆ దారిన వెళ్లినప్పుడల్లా ఆ కల్వర్టు దగ్గర బండి నెమ్మది చేస్తాను. అది ఇంకా నిలబడే ఉంది.